ఆమదాలవలస స్టేషన్‌లో అర్ధరాత్రి బైక్ టాక్సీ: ఎక్కే ముందు బండి సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: పాలకొండ రోడ్డు టైలర్

నమస్కారమండి. మాది శ్రీకాకుళం. పాలకొండ రోడ్డులో చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. మా పెద్దమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండు నెలలకోసారి ఇంటికి వస్తుంది. టికెట్ మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉన్నా రైలు ఆగేది ఆమదాలవలసలో అని మన జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కణ్ణుంచి ఊళ్ళోకి ఇంకా పది పన్నెండు కిలోమీటర్లు. పగలైతే బస్సో షేర్ ఆటోనో దొరుకుతుంది. రాత్రి దిగితేనే ఇబ్బంది. మావారు ఉన్నప్పుడు ఎంత రాత్రయినా బండి వేసుకుని వెళ్ళి తెచ్చేవారు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ బండి షాపు వెనక షెడ్డులోనే ఉంది గానీ నాకు నడపడం రాదు.

పోయిన శుక్రవారం రైలు బాగా లేటయి పిల్ల రాత్రి రెండున్నరకి దిగింది. స్టేషన్ బయట రెండే ఆటోలు ఉన్నాయట. ఒక్కదానికీ నాలుగొందలు అన్నారు. ఫోన్‌లో యాప్ తెరిస్తే బైక్‌కి నూట అరవై చూపించింది. సరే అని బుక్ చేసింది. ఐదు నిమిషాల్లో బండి వచ్చింది.

ఇక్కడే వచ్చింది టెన్షన్. యాప్‌లో చూపించిన నంబరు చివర 47. వచ్చిన బండి వెనక ప్లేటు ఒక మూల ఒంగిపోయి బురద కొట్టుకుని ఉంది. మా పిల్ల కర్చీఫ్‌తో తుడిచి, ఫోన్ లైటు వేసి చూసింది. చివర 90 ఉంది. ఇదేమిటని అడిగితే అతను, "ఆ బండి సర్వీసింగుకిచ్చీసినానమ్మా. ఇది మా బావమరిది బండి. యాప్ నాదే, ఫొటో సూడండి" అన్నాడట. ఫొటోలో ఉన్నాయనకి గడ్డం లేదు. వచ్చినాయన కర్చీఫ్ కట్టుకుని ఉన్నాడు, సగం మొహమే కనిపిస్తోంది. అతనో కాదో పిల్లకి తేలలేదు.

నాకు ఫోన్ చేసింది. "అమ్మా, ఎక్కనా వద్దా?" అంది. నేనేం చెప్పను? ఎక్కమంటే ఒక భయం, వద్దంటే ఆ వేళప్పుడు స్టేషన్‌లో ఒక్కతే ఉండాలి, అదొక భయం. చివరికి పిల్లే క్యాన్సిల్ చేసి లోపలికి వెళ్ళి వెయిటింగ్ రూములో కూర్చుంది. తెల్లారాక బస్సెక్కి వచ్చింది. అంతవరకూ నేను మిషను దగ్గరే కూర్చున్నాను. ఒకే జాకెట్టుకి హుక్కులు కుట్టి, వంకరొచ్చాయని ఊడదీసి, మళ్ళీ కుట్టాను.

ఆ అబ్బాయి మంచివాడే అయి ఉండొచ్చు. క్యాన్సిల్ చేస్తుంటే "నాకు పెట్రోలు దండగ కదమ్మా" అన్నాడట, ఆ మాట విని నాకూ బాధేసింది. కానీ మంచివాడో కాదో నేను మొహం చూసి చెప్పలేను కదా. అందుకే తెలిసినవాళ్ళని అడుగుతున్నాను. బండి ప్రభుత్వం దగ్గర టాక్సీగా రిజిస్టర్ అయిందో లేదో అక్కడే నిలబడి చూసుకునే దారి ఉందా? మా వీధిలో ఒకాయన తెల్ల బోర్డు బండి కిరాయికి తిప్పడమే తప్పు అంటున్నారు. యాప్‌లో వచ్చేవన్నీ తెల్ల బోర్డులే కదా? దారిలో ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వస్తుందా? పిల్ల కొద్ది రోజుల్లో తిరిగి వెళ్తుంది. ఆలోపు నేను నేర్చుకుని దానికి చెప్పాలి.

జవాబు: విజయనగరం రైడర్

అమ్మా, నేను విజయనగరంలో ఇదే పని చేస్తున్నాను. మూడేళ్ళవుతోంది. రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్, బాలాజీ జంక్షన్, ఎక్కువగా ఈ చుట్టుపక్కలే తిరుగుతాను. ముందుగా ఒక మాట. మీ అమ్మాయి చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. పెట్రోలు దండగ అన్న మాటకి మీరు బాధపడొద్దు. ఆ దండగ తెచ్చిపెట్టుకున్నది అతనే.

మేము పనిలో చేరేటప్పుడు లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫొటో అన్నీ యాప్‌లో ఎక్కించాలి. వాళ్ళు చూసి ఒప్పుకున్నాకే ఐడీ తెరుచుకుంటుంది. ఆ ఐడీ ఒక మనిషికి, ఒక బండికి. పోయినేడు నేను బండి మార్చాను. కొత్త ఆర్సీ ఎక్కించి వాళ్ళు ఓకే చేసేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఇంట్లో కూర్చున్నాను, ఇంటి అద్దె కట్టే వారం అది. కాబట్టి సర్వీసింగ్‌కి ఇచ్చాను అన్నది చెల్లే మాట కాదు. బండి సర్వీసింగ్‌లో ఉంటే ఆ రోజు డ్యూటీ లేనట్టే.

నంబరు కలవకపోవడానికి నేను చూసిన కారణాలు చెప్తాను. కొందరు ఐడీ తమ పేరు మీద తీసి, రోజుకింత అని ఇంకొకళ్ళకి అద్దెకి ఇస్తారు. తీసుకున్నవాడికి లైసెన్సు ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఇంకొందరి బండి ఫైనాన్స్ వాళ్ళు పట్టుకుపోయి ఉంటారు, చేతికి దొరికిన బండి తిప్పుతుంటారు. వీళ్ళందరూ దొంగలని నేను అనను, పొట్టకూటికి చేసేవాళ్ళే ఎక్కువ. కానీ రేపు ఏదైనా జరిగితే యాప్ రికార్డులో ఒక బండి, రోడ్డు మీద ఇంకో బండి. మీ అమ్మాయి ఏ బండి ఎక్కిందో చెప్పడానికి సాక్ష్యం ఉండదు.

అమ్మాయికి ఇలా చెప్పండి. నంబరు చివరి అంకెలే కాదు, మధ్యలో అక్షరాలతో సహా కలవాలి. బండి రాగానే తన పేరు తను చెప్పకూడదు. "ఎవరి పేరు మీద బుకింగ్ వచ్చింది?" అని అడగాలి. అసలువాడైతే ఫోన్ చూసి చెప్తాడు. ఓటీపీ అన్నిటికన్నా ఆఖర్న చెప్పాలి, ఎందుకంటే ఓటీపీ కొట్టామంటే ప్రయాణం మొదలైనట్టు లెక్క. చాలామంది బండి కనపడగానే దూరం నుంచే ఓటీపీ అరిచేస్తారు, అది వద్దు. "యాప్‌లో క్యాన్సిల్ కొట్టెయ్యండి, ఆ డబ్బులు నాకే ఇచ్చెయ్యండి" అంటే అసలు ఎక్కొద్దు. క్యాన్సిల్ కొట్టిన మరుక్షణం ఆ ప్రయాణం ఎక్కడా లేనట్టే.

సిరిమాను పండగప్పుడు మా ఊళ్ళో చూస్తుంటాను. పైడితల్లి అమ్మవారి గుడి చుట్టుపక్కల రోడ్లన్నీ జనంతో నిండిపోతాయి. యాప్‌తో పనిలేకుండా "బైక్, బైక్" అని కేకేస్తూ ఇద్దరిద్దర్ని ఎక్కించుకుపోతుంటారు. బండి మీద వెనక కూర్చునేది ఒక్కరే ఉండాలని చట్టం. ఆ రద్దీలో పడితే నా మనసు ఒప్పుకోదు, నేను ఆ రోజు ఎత్తు బ్రిడ్జి అవతలే ఉండిపోతాను.

నన్ను ఎవరైనా ఆర్సీ చూపించమంటే సంతోషంగా డిజీలాకర్ (కాగితాలు ఫోన్‌లో దాచుకునే ప్రభుత్వ యాప్) తెరిచి చూపిస్తాను. అడిగినందుకు చిరాకు పడేవాడి బండి ఎక్కకపోవడమే మంచిది.

పాలకొండ రోడ్డు టైలర్

బాబూ, చాలా థాంక్స్. పేరు వాళ్ళ చేతే చెప్పించాలన్నది నాకు తట్టనే లేదు, పిల్లకి అప్పుడే వాట్సాప్ పెట్టాను. మరి యాప్‌వాళ్ళు అన్నీ చూసి ఒప్పుకున్న బండి అంటే ప్రభుత్వం దగ్గర కూడా టాక్సీగా రిజిస్టర్ అయినట్టేనా? ఆ రెండూ ఒకటేనా?

జవాబు: కోర్టు గుమస్తా, శ్రీకాకుళం

అమ్మా, ఆ రెండూ ఒకటి కావు. నేను ఇక్కడ ఒక వకీలు గారి దగ్గర ఇరవై రెండేళ్ళుగా గుమస్తాగా ఉన్నాను. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా మోటారు ప్రమాదాల కేసులే. మీరు ఇప్పుడు అడిగిన ప్రశ్న, మా ఆఫీసుకి వచ్చేవాళ్ళు కాలు విరిగాక అడుగుతుంటారు.

ముందు బోర్డు రంగు. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటే సొంత వాడకానికి రిజిస్టర్ అయిన బండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటే కిరాయికి తిరిగే రవాణా వాహనం. బ్యాటరీ బండైతే రెండింటికీ ఆకుపచ్చ ప్లేటే. అక్షరాలు తెల్లగా ఉంటే సొంతానిది, పసుపుగా ఉంటే కిరాయిది. రాత్రిపూట ఈ తేడా తెలియాలంటే ప్లేటుకి దగ్గరగా వెళ్ళి లైటు వేయాల్సిందే. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేటే రావాలి. ఎడమ పక్క పైన అశోక చక్రం ఉన్న హోలోగ్రామ్ మెరుస్తుంది, దాని కింద నీలం రంగులో దేశం పేరు ఇంగ్లిషు పొడి అక్షరాల్లో ఉంటుంది, లేజర్‌తో చెక్కిన చిన్న అంకెలు ఉంటాయి. ఊడదీస్తే మళ్ళీ పెట్టడానికి రాని లాక్‌తో బిగిస్తారు. కొత్త బండికి మామూలు బోల్టులతో బిగించిన ప్లేటు కనిపిస్తే నాకైతే అనుమానమే.

ఇదివరకు ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం అని చూడగానే తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39తో మొదలుపెట్టారు. కాబట్టి నంబరు చూసి మన జిల్లా బండే అని ధైర్యపడటానికి లేదు.

నిలబడ్డచోటే చూసుకునే దారి ఉంది. కేంద్ర ప్రభుత్వానిది ఎం-పరివాహన్ అనే యాప్. ఫోన్ నంబరుతో ఒకసారి లాగిన్ అయితే, ఏ బండి నంబరు కొట్టినా వివరాలు వస్తాయి. యజమాని పేరు పూర్తిగా చూపించదు, ఒకటి రెండు అక్షరాలు ఇచ్చి మిగతావి చుక్కలు పెడుతుంది. మనకి కావలసింది పేరు కాదు, వాహన తరగతి అన్న వరస. అక్కడ ‘ఎం-సైకిల్/స్కూటర్’ అని మాత్రమే ఉంటే సొంత బండి. ‘యూజ్డ్ ఫర్ హైర్’ అని ఉంటే కిరాయి బండిగా రిజిస్టర్ అయినట్టు. కిందకి వస్తే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫిట్‌నెస్ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందన్న సర్టిఫికెట్) ఎప్పటిదాకా అని తేదీలు ఉంటాయి. ఫిట్‌నెస్ తేదీ చూసి కూడా పోల్చుకోవచ్చు. సొంత బండికి కొన్ననాటి నుంచి పదిహేనేళ్ళు ఉంటుంది. రవాణా వాహనానికి మొదట రెండేళ్ళు, ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటేటా చేయించాలి. బండి రంగు, కంపెనీ కూడా అక్కడ ఉన్నదీ ఎదురుగా ఉన్నదీ ఒకటేనా అని చూడమనండి. నల్ల బండి ముందు నిలబడి ఉంటే రికార్డులో ఎర్ర స్కూటీ కనిపించిన కేసు నాకు తెలుసు. ప్లేటు ఇంకో బండిది.

ఇక తెల్ల బోర్డు సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే అది రవాణా వాహనం, దానికి పర్మిట్ ఉండాలి. పర్మిట్ లేకుండా తిప్పితే 192-ఎ సెక్షన్ కింద మొదటిసారికే పదివేల జరిమానా. ఆ తప్పు తిప్పినవాడిది, తిప్పనిచ్చినవాడిది. ఎక్కినవాళ్ళది కాదు. కిరాయి బైకులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, పర్మిట్ దరఖాస్తులు తీసుకోండి అని 2024 జనవరిలో కేంద్రం రాష్ట్రాలకి రాసింది. తర్వాత 2025 జూలైలో వచ్చిన మార్గదర్శకాల్లో, రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే తెల్ల బోర్డు బైకుల్ని కూడా యాప్‌ల ద్వారా నడపొచ్చు అన్నారు. అంటే చివరి మాట రాష్ట్రానిది. కర్ణాటకలో హైకోర్టు తీర్పు తర్వాత 2025 జూన్‌లో బైక్ టాక్సీలు ఆగిపోయాయి, అవే యాప్‌లు వేరే రాష్ట్రాల్లో నడిచాయి. యాప్ కంపెనీకి కూడా 93వ సెక్షన్ కింద రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి. అంచేత యాప్ పంపింది కాబట్టి ప్రభుత్వం ఒప్పుకున్నట్టే అనుకోకండి. ఆ యాప్‌కి మన రాష్ట్రంలో లైసెన్సు ఉందా, తెల్ల బోర్డుకి అనుమతి ఉందా అన్నది రవాణా శాఖ ఆఫీసులో అడిగితే చెప్తారు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ దగ్గరే అసలు దెబ్బ. సొంత టూవీలర్ పాలసీ కాగితం మీద, కిరాయికి వాడితే వర్తించదని స్పష్టంగా అచ్చు వేసి ఉంటుంది. చిలకపాలెం దగ్గర ఒక కుర్రాడు కిరాయి బైకు వెనక కూర్చుని వెళ్తుంటే కుక్క అడ్డొచ్చి పడ్డారు. తొడ ఎముక విరిగింది. బండి సొంత వాడకానిది, పాలసీ ఉంది. కంపెనీ వాళ్ళు కిరాయికి తిప్పారు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. నాలుగేళ్ళు తిరిగాం. చివరికి కంపెనీ ముందు కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని తీర్పు వచ్చింది. ఆ నాలుగేళ్ళలో వాళ్ళ నాన్నగారు ఎకరం అమ్మారు. ఆ కుర్రాడు మొదటి వాయిదాకి రెండు కర్రల మీద వచ్చాడు, ఆఖరి వాయిదాకి ఒక కర్ర మీద వచ్చాడు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ఒక్క ఊరట ఉంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి నగదు లేకుండా చికిత్స పథకం వచ్చింది. గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా. ప్రమాదం జరిగిన వెంటనే 112కి చెప్పి నమోదు చేయించడం మర్చిపోవద్దు.

జవాబు: గోవాలో ఐదేళ్ళు

నాది భావనపాడు వైపు. వేట పని మీద ఐదేళ్ళు గోవాలో ఉన్నాను. అక్కడ కిరాయి బైకు వాళ్ళని ‘పైలట్’ అంటారు. ముందు మడ్‌గార్డు పసుపు రంగు, నంబరు ప్లేటు పసుపు. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చినవాళ్ళే నడపాలి. దశాబ్దాలుగా ఉన్న ఏర్పాటు అది. వాళ్ళకి స్టాండు ఉంటుంది, వరస ఉంటుంది. భాష రాని మాలాంటోళ్ళం కూడా రాత్రి జెట్టీ నుంచి దిగి, దూరం నుంచే పసుపు మడ్‌గార్డు చూసి నడిచి వెళ్ళేవాళ్ళం. ఎవర్నీ ఏమీ అడిగే పని లేదు. ఆమదాలవలస స్టేషన్ దగ్గర కూడా అలాంటి స్టాండు ఒకటి పెడితే ఈ అమ్మగారు రాత్రంతా మేలుకోవాల్సిన పని ఉండదు. మన ప్రజాప్రతినిధుల్ని అడగాల్సిన విషయం ఇది.

జవాబు: నైట్ డ్యూటీ నర్సు

అప్పా, నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. రాత్రి పదకొండుకి డ్యూటీ దిగే వారాల్లో బైక్ టాక్సీయే దిక్కు. పైన గుమస్తా గారు చెప్పినవన్నీ నిజమే కానీ అర్ధరాత్రి సిగ్నల్ లేకపోతే ఎం-పరివాహన్ తిరుగుతూనే ఉంటుంది. అందుకని నేను చేసేది చెప్తాను. బుకింగ్ కాగానే, బండి రాకముందే, యాప్ చూపించిన నంబరు ఎం-పరివాహన్‌లో కొట్టి చూసుకుంటాను. అప్పటికి నేను ఇంకా ఆసుపత్రి లోపల వైఫైలోనే ఉంటాను. ఇన్సూరెన్స్ తేదీ దాటి ఉంటే అక్కడే క్యాన్సిల్. అప్పటికి అతను బయలుదేరి ఉండడు కాబట్టి ఆయనకీ నష్టం ఉండదు. మీ అమ్మాయి కూడా రైలు దిగి ప్లాట్‌ఫాం మీద ఉండగానే ఈ పని చేసుకోవచ్చు.

బండి వచ్చాక వెనక్కి వెళ్ళి ప్లేటు ఫొటో తీసి మా ఆయనకి పంపుతాను. దొంగచాటుగా కాదు, "ఇంటికి పంపుతున్నానండీ" అని చెప్పే తీస్తాను. ఇన్నాళ్ళలో ఒక్కడే కాదన్నాడు, ఆ బండి నేను ఎక్కలేదు. లైవ్ లొకేషన్ పెట్టి, దిగేదాకా ఆపను.

నాకు హెల్మెట్ నేనే తెచ్చుకుంటాను. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా హెల్మెట్ తప్పనిసరి. వాళ్ళిచ్చేది పట్టీ తెగి ఉంటుంది లేదా నెత్తి మీద గుండ్రంగా తిరుగుతుంది. తలకి దెబ్బ తగిలి వచ్చేవాళ్ళని నేను వార్డులో రోజూ చూస్తాను.

ఇంకోటి, ఈమధ్య నంబరు ప్లేటే లేని చిన్న బ్యాటరీ స్కూటీల మీద కూడా రమ్మంటున్నారు. గంటకి పాతిక కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషనే లేని బండిని మనం ఏ రికార్డులో చూసుకుంటాం? పక్క వీధికైనా సరే ఎక్కొద్దు.

పాలకొండ రోడ్డు టైలర్

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. వారం రోజులు పట్టింది నాకు ఇదంతా వంటపట్టడానికి.

మా చిన్నమ్మాయి చేత నా ఫోన్‌లో ఎం-పరివాహన్ వేయించుకున్నాను. ముందు షాపు ఎదురుగా ఆగే బండ్ల నంబర్లు కొట్టి నేర్చుకున్నాను. ఎనిమిది చూశాను, మూడింటికి ఇన్సూరెన్స్ అయిపోయి ఉంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన పాలకొండ ఆవిడకి వాళ్ళాయన బండి సంగతి చెప్తే గాభరా పడి అక్కడే ఫోన్ చేసింది.

తర్వాత షెడ్డులోకి వెళ్ళి మావారి బండి మీద గుడ్డ తీసి ఆ నంబరు కొట్టాను. ఆయన పేరు మొదటి అక్షరం వచ్చింది, తర్వాత అన్నీ చుక్కలే. ఇన్సూరెన్స్ ఆయన పోయిన ఏడాదితోనే ఆగిపోయింది. కాసేపు ఆ తెర అలాగే చూస్తూ ఉండిపోయాను.

పెద్దదానికి అన్నీ చెప్పాను. నేను గట్టిగా అనుకున్నది ఒకటే. రాత్రి పదకొండు దాటితే తెల్ల బోర్డు వద్దు. పగలైతే నంబరు కలిసి, పేరు వాళ్ళే చెప్పి, ఇన్సూరెన్స్ తేదీ ఉంటే సరే. మొన్న ఆదివారం తిరిగి వెళ్ళేటప్పుడు సాయంత్రం ఇంటి దగ్గర్నుంచి స్టేషన్‌కి బుక్ చేసింది. బండి నంబరు కలిసింది, హోలోగ్రామ్ ఉంది. తెల్ల బోర్డే, కానీ ఇన్సూరెన్స్ ఉంది. ప్లేటు ఫొటో నేనే తీశాను. ఆ అబ్బాయి బండి దిగి స్టాండు వేసి, "బాగా తియ్యండి పిన్నీ, ఎండ పడతంది, ఇటొచ్చి తియ్యండి" అన్నాడు. మంచోడు.

అర్ధరాత్రి రైళ్ళకి మాత్రం వేరే ఏర్పాటు చేసుకున్నాను. నేను జాకెట్లు కుట్టి ఇచ్చే ఒకావిడ భర్తకి ఆటో ఉంది, పసుపు బోర్డు. రెండొందల యాభైకి వస్తానన్నాడు. తెలిసినవాళ్ళే అయినా ఆ నంబరు కూడా కొట్టి చూశాను. ఫిట్‌నెస్ వచ్చే మార్చి దాకా ఉంది.

గుమస్తా గారూ, ఒక్క మాట. మా చిన్నదానికి పద్దెనిమిది నిండాయి. నాన్న బండి నేను నేర్చుకుంటాను, అక్కని నేనే తెస్తాను అంటోంది. బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. మా పేరుకి మార్చుకోవడానికి ఏం కావాలి?

కోర్టు గుమస్తా, శ్రీకాకుళం

అమ్మా, యజమాని పోతే ముప్ఫై రోజుల్లో రవాణా శాఖకి తెలిపి, మూడు నెలల్లో పేరు మార్పిడికి పెట్టుకోవాలని నియమం. ఆలస్యమైంది, అయినా ఫర్వాలేదు, ఆలస్య రుసుం కడితే అవుతుంది. ఫారం 31. దాంతోపాటు ఆర్సీ, వారి మరణ ధ్రువపత్రం, మీరు వారసులని చూపే పత్రం కావాలి. ఇన్సూరెన్స్ కూడా కట్టాలి. ఈ రెండూ అయ్యేదాకా బండి షెడ్డులోంచి బయటికి తీయొద్దు, అమ్మాయి నేర్చుకోవడానికి కూడా తీయొద్దు. ముందు తనకి లెర్నర్ లైసెన్సు తీయించండి. సోమవారం కాగితాలన్నీ పట్టుకుని ఒకసారి కోర్టు దగ్గరికి రండి, ఫారం నేను నింపి ఇస్తాను.

పాలకొండ రోడ్డు టైలర్

తప్పకుండా వస్తానండి. ఆర్సీ ఆయన బీరువా సొరుగులోనే ఉంది, ఇప్పుడే తీసి చూశాను. సోమవారం పొద్దున్న షాపు తెరవకముందే వస్తాను.